దోసెలు కొట్టేసిన

కరెంటు బిల్లు వెనక రాస్తున్న:
ఆదివారం, పదిన్నర.
టిఫినుకు ఎండెక్కుతది, బువ్వకు ఇంకా పొద్దుంటది.
హాస్టల్ల ఒక్క బకెట్ పంచుకున్న నలుగురం
పద్దెనిమిదేండ్లకు గద్వాలల కూడుతున్నం.

దోసెలు, అని రాసి కొట్టేసిన.
దోసెలంటే పెనం కాడ నేను,
ముందర్రూముల వాళ్ల నవ్వు;
దేనికి నవ్విన్రో ఎవరో వచ్చి చెప్పేసరికి
చల్లారిన నవ్వు నాకు.
పూరీలూ అంతే.

ఉగ్గాని పెడ్త. బొరుగులు తడిపితే అయిపాయె.
పల్లీల పొడి రాత్రే దంచుకుంట.
తపాలచెక్క సన్నమంట మీద దానంతట అదే కాల్తది.
నల్లగొండ సుకన్య దానికి పెట్టిన పేరు అది;
మా దిక్కు గిన్నప్ప.
పేరు కాడ కొట్లాట ఎట్లాగూ ఉంటది,
అది కూడ మెనూలనే రాసిన.

మైమూదకు కారం తక్కువ.
స్వరూపకు షుగరు, చాయకు రెండు గిన్నెలు.
మజ్జిగ కుండల పోసి గంటె పక్కన పెడ్త,
ఎవలది వాళ్లు ముంచుకుంటరు.

మిర్చిబజ్జీలా?
పాత బస్టాండు కాడ బండి మీదివి తెప్పిస్త.
అడిగితే నేనే చేసిన అని చెప్త.

అన్నీ అయినంక కింద ఒక గీత గీసి
కుర్చీలు లెక్కవెట్టిన. మూడు.
పక్కింట్ల ఇంకోటి అడగాలె,
నాకు.