ఖాళీ జాగా

కౌన్సిల్ ఆఫీసు కాగితం ఒడియాలో ఇస్తుంది.
నేను చదివి, తెలుగు చేసి, మైకులో వదుల్తాను.
రోజుకి మూడొందల యాభై, ఆటోకి డీజిలు వేరే.

ఎనిమిది వార్డులదాకా చిక్కులేదు,
ఉన్నది ఉన్నట్టు చదివేస్తే సరి.
తొమ్మిదోది మా నోలియా సాహి.
అక్కడ రోడ్డు అయిపోయి ఇసుక మొదలవుతుంది,
ఒడియా అయిపోయి మనం మొదలవుతాం.

కుళాయి పొద్దున్న గంటే వస్తుందనీ
కుక్కలకి సూదులేస్తారనీ
ఇంటిపన్ను కట్టకపోతే జప్తనీ
పదకొండేళ్లుగా చెప్తున్నాను.
పెద్ద తుపాను ముందురోజు
గొంతు చీరుకుపోయేదాకా లెమ్మని అరిస్తే
ఉడుకుతున్న కూర పొయ్యిమీదే వదిలేసి
నా గొంతు వెనకే బడికి నడిచారు.
అప్పట్నించీ నేను మైకు గున్నయ్యని.
చోడిపల్లి అనే ఇంటిపేరు రేషన్ కార్డుకి తెలుసు.

ఇవాళ్టి కాగితం మీద రెండు సీళ్లు.
లైట్‌హౌసు నించి మొగ దాకా
సముద్రపొడ్డున ఉన్న ఖాళీ జాగాలో
టైల్సు పరుస్తారు, బెంచీలు, రంగు లైట్లు,
ఫొటోలు దిగడానికి నిలువెత్తు అక్షరాలు.
వలలూ తెప్పలూ పదిహేను రోజుల్లో తియ్యాలి.
అభ్యంతరాలుంటే రాసి ఇవ్వాలి.

సుందరీకరణని సోకు చెయ్యడం అన్నాను,
ఆటో తోల్తున్న రబి బెహెరా నవ్వాడు.
అన్నిటికీ మాట వెతికాను గానీ
ఖాళీ జాగాకి వెతకక్కర్లేదు,
ఆ భాషలోనూ అదే, ఈ భాషలోనూ అదే.
అదే గొంతులో అడ్డం పడింది.

సూరాడ కొర్లమ్మ నెత్తళ్ళు తిరగేస్తోంది.
తలెత్తకుండానే అడిగింది:
"ఏటన్నావు, కాళీయా?
ఏదిరా కాళీ?"

మైకు ఆపలేదు నేను.
మరిచిపోయాననే ఆఫీసులో చెప్పాను.

"ఇదిగో, ఈ బారు నాది.
ఆ మెరక మా మరిది కోడలిది,
పొద్దుటెండ ముందలికి అక్కడే తగుల్తాది,
కవళ్ళు అక్కడే ఎయ్యాల.
ఆ గుంట కాడ రాజులమ్మ నీలాడింది,
ఆసుపత్రికని బయలెల్లి, అందక.
ముసిలోళ్లు వలలు బాగుసేసుకునేది అటేపు,
గాలి మారితే ఇటు జరుగుతారు.
పోయినోళ్ల కోసం మూడ్రోజులు నిలబడ్డాం సూడు,
ఆ సోటు సూపించమంటావా?
అక్కడెవులూ ఏటీ ఎండెయ్యరు.
ఆ ఒక్కటీ కాళీ.
అదట్టుకుపొమ్మను."

చీపురుతో చూపిస్తూనే ఉంది.
మైకుకి చీపురు కనపడదు,
మాటలు మాత్రం లాడ్జీల బాల్కనీలు ఎక్కాయి,
మొక్కజొన్న కాల్చేవాడి విసనకర్ర ఆగింది,
కౌన్సిల్ మేడమీద ఒక కిటికీ తెరుచుకుంది
లేదా గాలికేమో.

ప్రుస్టి బాబు రిజిస్టరు ముందుకి తోశాడు.
"చెప్పేవా?"
"చెప్పానండి."
"చెప్పింది నువ్వేనా?"
సంతకం పెట్టాను. యాభై కోత.

రాత్రి పదిమందో పదకొండుమందో మా అరుగు మీద.
రాసి ఇవ్వాలిగా.
నాకు ఒడియా చదవడమే వచ్చు,
రాస్తే వంకరపోతుంది.
ఎనిమిదో క్లాసు చదివే మా జమున
లెక్కల నోట్సులోంచి కాగితం చింపింది.
అందరూ ఒకేసారి చెప్తున్నారు,
అది ఆపి ఆపి రాస్తోంది.

"నాన్నా, నెత్తళ్ళకి ఒడియాలో ఏమంటారు?"

పదకొండేళ్లు మైకు పట్టుకున్నాను, తెలీదు.
రబికి ఫోన్ చేస్తే
నిద్రమత్తులో "చిన్న చేపలని రాయి" అన్నాడు.
కొర్లమ్మ ఫోను లాక్కున్నంత పని చేసింది.

పిల్ల కాసేపు పెన్ను మూత కొరికి,
ఆ గుండ్రటి అక్షరాల్లోనే
మెల్లగా, కూడబలుక్కుంటూ రాసింది:
నె
త్త
ళ్ళు.