మంచు ఎత్తేటప్పుడు

టుర్కులో నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే
వీధి దీపాలు వెలిగించేశారు.
టౌనో, ఒకప్పటి ఓడ మెకానిక్,
ఎడమ చెవిని ఇంజన్ గదిలోనే వదిలేసి వచ్చినవాడు,
బల్ల మీద రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టాడు.

పాతది రొట్టెల డబ్బా అంత.
పద్దెనిమిదేళ్లు పుస్తకాల అర మీద కూర్చుని
లోపలెక్కడో పళ్లు నూరుకుంటూ పాడింది.
ఈ మధ్య పాటకు ముందు దగ్గుతోంది.
కొత్తది అరచేతిలో ఇమిడిపోతుంది.
చప్పుడు లేదు, వేడి లేదు,
బతికుందో లేదో ఒక తెల్లచుక్కని చూసి తెలుసుకోవాలి.

మధ్యలో నీలం తీగ.
పదకొండు వేల నాలుగువందల ఆరు పాటలు
అందులోంచి ఒక్కొక్కటే ఇల్లు మారాలి.
ఏడు గంటలు పడుతుందంది తెర.
కాఫీ కలుపుకుని వచ్చేసరికి తొమ్మిదంది.
రేవులో కూడా ఇలాగే చెప్పేవాళ్లు.
నమ్మడం అతను ఎప్పుడో మానేశాడు.

రాత్రి పదకొండుకి అన్నీ చేరాయి.
కొత్త పెట్టెకి మడీ ఆచారం ఎక్కువ.
ప్రతి పాటకీ బొమ్మ అతికించింది, సంవత్సరం వేసింది,
కవల పిల్లల్లో ఒకర్ని చెరిపేసింది,
ముక్కూ మొహం తెలియని వాళ్లందర్నీ
'గాయకుడు తెలియదు' అని ఒక మూల కూర్చోబెట్టింది.
తర్వాత వర్గాలు చూపించింది:
పాప్. జాజ్. టాంగో. జానపదం.

టౌనో కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
'మంచు ఎత్తేటప్పుడు' ఏది?
'గిన్నెలు తోమడానికి' ఏది?
'అత్తగారు వెళ్లాక' ఏమైంది?
ఇరవై మూడు పాటలుండాలి అందులో, అన్నీ గోల పాటలే.

అవి మైరె పెట్టిన పేర్లు.
ఆ చలికాలం ఆమె మోకాలు విరిగింది.
మూడు నెలలు కదలకుండా కూర్చుని
డిస్కు వెనక డిస్కు ఆ డబ్బా నోట్లో పెడుతూ
అన్నిటికీ పేర్లు కొట్టింది, రెండు వేళ్లతో.
'వర్గం' అని ఖాళీ గడి కనిపిస్తే
ఊరుకునే మనిషి కాదు.
తప్పులూ ఉన్నాయి. ఒక అకార్డియన్ పెద్దమనిషి
ఇన్నేళ్లూ ఆడపేరుతోనే కాపురం చేశాడు అక్కడ.

ఇప్పుడామె ఔరా నదికి అవతలి గట్టున ఉంటుంది.
విడిపోయి తొమ్మిదేళ్లు.
కుర్చీలు పంచుకున్నారు, పడవ అమ్మేశారు,
పాటల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

పాత పెట్టెని తట్టి లేపాడు.
దగ్గింది, లేచింది.
పెన్సిలు చెక్కుకుని, మిగిలిన లాగ్‌బుక్కు కాగితాల మీద
ఒక్కో వర్గమూ చేత్తో ఎక్కించుకోసాగాడు.
ఒంటిగంట దాటాక, అడుగున, ఎన్నడూ చూడనిది ఒకటి:
'టౌనోకి చెప్పొద్దు'.
అందులో ఒక్కటే పాట. నాలుగు నిమిషాలు.

కుడి చెవి దగ్గరగా పెట్టాడు.
ఏదో పాత డీజిల్ ఇంజన్.
భారం మీద నడుస్తోంది, రెండో సిలిండర్లో గాలి లీకు,
వాల్వు సరిచెయ్యాలి, అనుకున్నాడు అలవాటుగా.
మూడో నిమిషంలో, పక్కనే, ఎవరో
దిండులో మొహం దాచుకుని నవ్వు ఆపుకుంటున్నారు.
ఇంజన్ కాదు.
తనే. తన గురక.

పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేశాడు.
"'అత్తగారు వెళ్లాక' అని రాశావు.
మా అమ్మా, మీ అమ్మా?"
అవతల చాలాసేపు ఏమీ లేదు.
"ఇద్దరూ," అంది మైరె. "కొత్తది బాగా పాడుతోందా?"
"పాడుతోంది. దగ్గడం లేదు."
ఆ నాలుగు నిమిషాల మాట అతను ఎత్తలేదు.
చెప్పొద్దని రాసి ఉంది కదా.

బయట పార గీరుతున్న చప్పుడు.
పక్కింటివాళ్లు అప్పుడే మంచు ఎత్తుతున్నారు,
పాటేమీ లేకుండానే.