ముప్పై ఒక్క ఓట్లు

డియొలిండా మొదటిసారి మేయరైనప్పుడు
ఆమె చేతులకింకా సార్డీన్ చేపల వాసన.
ప్రమాణపత్రం మీద నూనె మరక పడితే
గుమస్తాని, నేనే తుడిచాను.

మొదటి నాలుగేళ్లూ మురుగుకాల్వలే.
భూమి కింద పని, ఎవరి కంటా పడదు.
రెండో విడత వీధిదీపాలు, రేవుదాకా బస్సు,
ఆపైన వంతెన.
లిస్బన్‌లో ఫైలు ఆగింది.
ఇక్కడ నది మధ్యలో వంతెన ఆగింది,
ఏదో మర్చిపోయి నిలబడ్డ మనిషిలా.

చేపల ఫ్యాక్టరీ మూతపడిన చలికాలం
జనం కిటికీల కిందికొచ్చి తిట్టారు.
ఆమె మెట్లు దిగొచ్చి
ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించింది.
అదే ఓర్చుకోలేకపోయారు.

ముప్పై ఒక్క ఓట్ల తేడాతో పోయింది.
మూడుసార్లు లెక్కపెట్టాను.

తాళాలు నా బల్లమీద పెట్టి
"పై అంతస్తులో కుళాయి కారుతోంది,
చూడు జెర్వాసియో" అంది, అంతే.

ఇప్పుడు అట్లాంటిక్ వాన ఎంత కొట్టినా ఊరు మునగదు.
నీళ్లెటు పోతున్నాయని ఎవరూ అడగరు.
ఆదివారాలు ఆమె సగం వంతెన చివర
గాలమేసుకు కూచుంటుంది.
పక్కన నాకూ చోటుంది.
ఆ ముప్పై ఒక్కటిలో ఒకటి నాదని
ఏ నోటితో చెప్పను?