అంచు పోగు

లేబుల్ మీద నూటికి నూరు కాటన్ అని ఉంది.
కింద, చీమ తలకాయంత అక్షరాల్లో
ఇంకేదో ఉంది.
"దారాల లెక్క నాలుగొందలు" అంటాడు అంగడి పిల్లోడు.
ఎవరు లెక్కబెట్టినారో చెప్పడు.

ఉరుకుందత్త కళ్లద్దాలు తేలేదు.
దుప్పటిని ఎండకు పట్టి చూసింది.
గోటితో గీరింది, గంజి పొడి రాలింది.
అంచులో ఒక పోగు లాగి
అగ్గిపెట్టె అడిగింది.
సావుకారి వద్దనేలోపే
పోగు ముద్దకట్టి నల్లపూసైంది.

"పత్తయితే బూడిదవుతాది నాయనా,
కాగితం కాలిన వాసనొస్తాది."

ఎమ్మిగనూరులో ఇరవై ఏండ్లు
మగ్గం గుంటలో కూర్చున్న మనిషి.
ఇప్పటికీ బెంచీ మీద కూర్చుంటే
ఎడమకాలు దానంతటదే కదులుతాది.

చివరికి మూలనున్న ముతకది తీసుకుంది.
"మొదట గరుకే.
ఉతికేకొద్దీ మనిషికి మాలిమవుతాది."

పిల్లోడు ఆ నల్లపూసను
ఇంకా గోటితో గిల్లుతూనే ఉన్నాడు.