ఐదో కాలం

సోమా చిత్తడి నేలల్లో ఏడాదికి ఐదు కాలాలు.
నాలుగు అందరికీ ఉన్నవే.
ఐదోది, మంచు కరిగి
వాగులు ఎటు పోవాలో తోచక
పచ్చిక మీదికెక్కి కూర్చునే కాలం.

వల్దుర్ అక్కణ్ణుంచే వచ్చాడు
మార్చి నెలాఖరున, తార్తు ఆసుపత్రికి,
బూట్ల లేసులు విప్పేసి.
డెబ్బై ఒక్కేళ్ళు. ఒంటిమాను దోనెలు తొలిచే చేతులు.
ముప్పై ఏళ్ళ రక్తపోటు,
సొరుగులో మిగిలిపోయిన మాత్రలు.

సొరంగంలాంటి యంత్రంలోకి అతన్ని పంపింది నేనే.
ఊపిరి బిగబట్టమన్నాను.
పదకొండు సెకన్లు బిగబట్టాడు.
పన్నెండోది అతని దగ్గర లేదు.

తెర మీద గుండె.
నల్లగా కనపడాల్సిన గోడలో
పాలు ఒలికినట్టు ఒక మసక.
నీరు.
గదుల్లో ఉన్న నెత్తురు సంగతి వేరు,
ఇది గోడలోకే దిగింది,
కండ పోగుకీ పోగుకీ నడుమ.

డాక్టర్ హెల్వే వచ్చేదాకా నేను నోరు మెదపకూడదు.
కానీ అడిగాడు: "ఎలా వచ్చింది లోపలికి?"

రోజూ వచ్చేదే, అన్నాను.
సన్న నాళాలు ఎప్పుడూ కాస్త చెమరుస్తాయి,
ఆ చెమ్మని మోసుకుపోయే పిల్లకాలువలున్నాయి.
పోటు పెరిగితే చెమ్మ ఊటవుతుంది.
తిరుగుదారిలో సిర నిండుగా ఉంటే
కాలువకి దిగే చోటుండదు.

"దిగువన మంచుగడ్డ అడ్డం పడ్డట్టు."
అవును.
"మరి ఆ కాలువల్ని తోడేదెవరు?"

పదహారేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.
గుండే, అన్నాను.
ముడుచుకున్నప్పుడల్లా తన తడి తనే పిండుకుంటుంది.
నీరుపట్టిన గుండె గట్టిగా ముడుచుకోలేదు,
ముడుచుకోలేనిదాంట్లో నీరు ఇంకా...

"తోడే చిప్ప మునిగేవాడి చేతిలోనే ఉందన్నమాట."

కాసేపు తన పనిలోకి వెళ్ళిపోయాడు:
ఆస్పెన్ మాను తొలిచి, నీళ్ళు నింపి, కింద మంట పెడితే
అంచులు మెల్లగా విచ్చుకుంటాయట, రెక్కల్లా.
నానితే చెక్క మాట వింటుంది,
కండెందుకు బిగుస్తుంది?
నాకు తెలియలేదు.
అతనికే తట్టింది:
"తాడు. తడిసిన తాటి ముడి పళ్ళతో లాగినా రాదు."

ఎంత నీరని అడిగాడు.
కొన్ని చెంచాలు.
నవ్వాడు, నవ్వు మధ్యలో దగ్గాడు.
ఏటికేడూ నిలిస్తే పచ్చిక చచ్చి రెల్లు మొలుస్తుందని
అతనికి నేను చెప్పక్కర్లేదు.
గుండెలో మొలిచేదాన్ని పీచు అంటారని మాత్రం చెప్పాను.
పీచు మొలిచాక నీరు తీసినా
మెత్తదనం తిరిగి రాదనీ.

హెల్వే మందులు రాసింది, ఉప్పు మాన్పించింది.
వెళ్తూ వల్దుర్ ఆ బొమ్మ కావాలన్నాడు.
కాగితం అంచున పెన్సిల్‌తో ఒక గీత గీసి
తేదీ వేశాడు,
ఆవిరిగది తలుపు మీద ఏటేటా
వరద మట్టానికి కత్తితో గీసినట్టే.

దాని కింద
చాలా జాగా వదిలాడు.