పదిహేను మార్కుల ప్రశ్న

సుబేదారిలో మే నెల. స్పాట్ వాల్యుయేషన్.
నీళ్లొడిసిన కూలర్లు
ఎండుగడ్డి వాసనను హాలంతా చల్లుతున్నయి.
పేపర్‌కు పద్దెనిమిది రూపాయలు, పూటకు ముప్పై పేపర్లు.
నా కాంట్రాక్టు జీతం రాక మూడో నెల.

నాలుగో ప్రశ్న:
జపాన్ రాజ్యాంగంలోని తొమ్మిదవ అధికరణమును,
విదేశాంగ విధానముపై దాని ప్రభావమును చర్చించుము.

ఇరవై ఎనిమిది పేపర్లలో ఒక్కటే గైడు మాట్లాడింది.
అచ్చుతప్పు కూడా ఒక్కటే.
'జపాన్ యుద్ధమును త్యజించి శాంతను స్వీకరించెను.'
ఎవరో ఆ శాంత,
పొద్దటినుంచి నా బల్లమీద తిరుగుతనే ఉంది.

ఇరవై తొమ్మిదోది.
పేరు లేదు, బార్‌కోడు.
ఎదురుగాలిలో సైకిల్ తొక్కే పిల్లలెక్క
ముందుకు వంగిన రాత.

మొదటి పేజీ బుద్ధిగనే నడిచింది:
ఓడిన దేశం, కాలిన నగరాలు,
గెలిచినోళ్ల దఫ్తరులో తయారైన చిత్తుప్రతి,
ఇక సైన్యం ఉంచుకోమన్న మాట.
పేజీ తిప్పేసరికి పిల్ల ఊరికి పోయింది.

'మా పెద్దనాయిన ఓదేలు లొంగిపోయిన కొత్తల
ఏటూరునాగారం ఠాణాల ఒక కాయితం పెట్టిండ్రు.
రాసింది ఎస్సై. సంతకం పెద్దనాయినది.
ఆయుధం ముట్టనని, అడివి దిక్కు చూడనని.
ఓట్లు వచ్చినప్పుడల్లా తహసీలాఫీసుల బైండోవరు.
మా ఇంట్ల ఇప్పటికీ గొడ్డలిని గొడ్డలి అనరు,
కట్టెలకాడి సామాను అంటరు.
జపాన్ కూడా సైన్యాన్ని సైన్యం అనదు,
ఆత్మరక్షణ దళం అంటది.'

నవ్వు ఆగలేదు.
పక్కబల్ల రాజనర్సు సార్ కళ్లద్దాల మీదికెల్లి చూసిండు.
స్కీమ్ కాయితం తీసి చూసిన:
నేపథ్యానికి మూడు, అధికరణానికి ఐదు,
ప్రభావానికి ఐదు, ముగింపుకు రెండు.
ఓదేలుకు ఎన్నో రాయలేదు.

'ఐదారేండ్లకు అదే ఠాణా జీపు మా వాకిట్ల ఆగింది.
దారులు నీకు తెలుసు, మా ముందట నడువు,
లైసెన్సు తుపాకి ఇప్పిస్తమన్నరు.
వద్దని రాయించినోళ్లే పట్టుకోమన్నరు.
కొరియాల లడాయి మొదలైనంక
టోక్యోకు గూడ ఇట్లాంటి కబురే వచ్చింది.
ఆ తర్వాత ప్రధానులు ఎందరో మారిండ్రు,
పన్ను మీద ఒకరు, లంచం మీద ఒకరు,
ఒకినావా స్థావరం మీద ఒకరు దిగిపోయిండ్రు.
అక్షరం మాత్రం మారలే.
అర్థాన్ని మెల్లగ జరుపుకుంట పోయిండ్రు,
గెట్టురాయిని ముట్టకుండ
ఏటికొక సాలు పక్కకు దున్నినట్టు.'

కాజీపేట దిక్కు గూడ్సు బండి కూసింది.
ఎర్రపెన్ను మూత తీసి ఎంతసేపైందో,
నిబ్బు ఎండిపోయింది.
రెగ్యులర్ చేయమని కోర్టుకు పోనని
ఏటా జూన్‌లో నేనూ సంతకం పెడుత.
ఆ కాయితం ఎవరు రాస్తరో ఎన్నడూ అడగలేదు.

'పెద్దనాయిన జీపెక్కలే.
అది మన రాతనా, చింపెయ్యరాదె, అంటడు మా అన్న.
రాసింది వాళ్లే బిడ్డా, అంటడు పెద్దనాయిన,
ఇరవై రెండేండ్లు నిలుపుకున్నది నేను.
ఇంకెవలిది మరి?
రేపు ఎవడన్న మీదికొస్తె ఏం జేస్తవని
అన్న మళ్లడిగిండు.
దానికి జవాబు చెప్పలే.
లేచి పోయి కుక్కకు బువ్వ పెట్టిండు.'

అంతే. కింద సగం పేజీ ఖాళీ.
వెనక్కి తిప్పి చూసిన, అడిషనల్ షీటు లేదు,
దారం కొసకు ముడి మాత్రమే ఉంది.

పదమూడు వేసిన.
'సొంత కథలకు మార్కులుండవు మేడం,' అన్నడు రాజనర్సు సార్,
'చీఫ్ చూస్తె తగ్గిస్తడు.'
తగ్గిస్తడు కావచ్చు.
ముగింపు రెండు మార్కులు నేనే కోసిన,
కుక్క తిన్నదో లేదో రాయలేదని.

ముప్పయ్యో పేపర్ తీసిన.
జపాన్ యుద్ధమును త్యజించి
శాంతను స్వీకరించెను.