నలభై మూడో స్తంభం

సెస్నాకి తలుపు లేదు. పీకేశారు.
ఒకరి వీపుకి ఒకరి మోకాళ్ళు ఆనించి
గోనెసంచిలో బంగాళాదుంపల్లా కూర్చున్నాం నలుగురం.
నా హెల్మెట్ మీద దీపం మిణుకుమిణుకుమంటోంది.
చీలమండకి కట్టుకున్న పచ్చ వెలుగు గొట్టం
నా కాలు నాదేనని నాకే చెబుతోంది.

అరవై మూడోసారి దూకడం ఇది.
రాత్రిపూట మొదటిసారి.
పగటివి అరవై రెండూ ఎటు పోయాయో,
ఒక్కటీ సాయం రాలేదు.

ఇందాక, కింద,
ఓతీలియా మాతే బుర్ర నా చేతిలో పెట్టి చెప్పింది:
"నేల కోసం వెతక్కు. అదే వస్తుంది.
వెతికావంటే దూరంగా ఉన్నానంటుంది, లేదా దగ్గరికొచ్చానంటుంది.
రెండూ అబద్ధాలే."
ఆమె మా ఊరి పళ్ళ డాక్టరు. తొమ్మిది వందలసార్లు దూకిన మనిషి.
నేను చేదు పీలుస్తూ తలూపాను.
ఆమె మేనల్లుడు గడ్డి మైదానం చుట్టూ
రంగు డబ్బాల్లో కిరసనాయిలు పోసి వత్తులు ముట్టిస్తున్నాడు.
ఏడు వెలిగాయి. ఎనిమిదోదాన్ని గాలి మింగింది.
వాడు గాలి తల్లిని తిట్టాడు.

పదివేల అడుగులు.
అర్నుల్ఫో ఇంజిను గొంతు తగ్గించాడు.
రెక్క అంచున త్రిశంకు నక్షత్రాలు,
చంద్రుడింకా లేవలేదు.
రెక్క కింది కడ్డీ పట్టుకుని వేలాడాను.
వదలమని చేతులకి చెప్పాను.
అవి వినలేదు.
మళ్ళీ చెప్పాను.

పడుతున్నట్టు లేదు.
పగలైతే పొలాలు ఉబ్బుకుంటూ మీదికొస్తాయి.
చీకట్లో ఏదీ పెరగదు.
తడి దుప్పటి విదిలించినట్టు
చెవుల్లో గాలి, గాలి, గాలి.

అప్పుడు కనబడింది మా సాన్ ఎవారిస్తో.

కరెంటు సహకార సంఘంలో పంతొమ్మిదేళ్ళుగా లైన్‌మన్‌ని.
ఆ దీపాలన్నీ నిచ్చెనేసుకుని నేను బిగించినవే.
మెడ నొప్పెట్టేలా తలెత్తి చూశాను గానీ
ఏనాడూ తల వంచి చూసిన పాపాన పోలేదు.
ఇంత చిన్న ఊరా?
చొక్కా జేబులో పట్టేలా ఉంది.

ధాన్యం గోదాముల వీధి తిన్నగా వెలుగుతోంది.
మధ్యలో ఒక నల్లటి సందు,
ఓతీలియాకి చూపించాలనిపించింది,
పన్ను ఊడిన చోటు.
మొదట్నుంచి లెక్కపెట్టాను.
ముప్పై ఎనిమిది, నలభై, నలభై రెండు...
కుట్టుపని దెల్ఫీనా గుమ్మం ముందుది.
మూడుసార్లు ఆఫీసుకొచ్చింది.
మూడుసార్లూ "రేపు" అన్నాను.

మణికట్టు మీద ముల్లు
దాటకూడనిది దాటేసింది.
లాగాను.

భుజాలు పట్టి ఎవరో నిలబెట్టినట్టు,
ఆ తర్వాత నిశ్శబ్దం.
టార్చి పైకెత్తితే ఎర్రగుడ్డ. నాలుగు మూలలున్నాయి.
అప్పుడు ఊపిరి పీల్చాను,
అల్ఫాల్ఫా వాసన, ఎక్కడో మాంసం కాలుతున్న పొగ,
నాకు తెలియని కుక్క ఒకటి
నన్నే మొరుగుతోంది.

ఆ నల్లటి సందు మీదుగా తిరిగాను.
వీధి దీపం లేదు కాబట్టే కనబడింది,
పసుపుపచ్చ కిటికీ, మిషను మీదికి వంగిన తల.
ఆమె తలెత్తలేదు.
నా నీడైనా ఆమె గుమ్మంలో పడలేదు.
నీడ పడాలన్నా దీపం ఉండాలి కదా.

డబ్బాలు ఇప్పుడు ఆరే.
వాటి మధ్యకి తిరిగాను.
వెతకలేదు. అయినా
అనుకున్న దానికంటే ఒక్క మోకాలి ముందే వచ్చింది నేల.
నోటినిండా గడ్డి.

ఓతీలియా పరుగెత్తుకొచ్చి
నా దవడ అటూ ఇటూ తిప్పి చూసి "ఎలా ఉంది?" అంది.
"నలభై మూడు," అన్నాను.
"అన్ని సెకన్లు పడ్డావా! లెక్కపెట్టావా?"
ఔనన్నాను.

పొద్దున్నే బల్బు చంకలో పెట్టుకుని
గోదాముల వీధికి వెళ్ళాను.
నిచ్చెనకి పన్నెండు మెట్లు.
ఎనిమిదో మెట్టు మీద
కాళ్ళు వణకడం మొదలుపెట్టాయి.